మేకు కొట్టి మాలిక్‌ను కనుక్కునే మున్షీగారు

నాంపల్లి స్టేషన్ ఎదురు సందుల కూసొని దుకాణాల కౌలు కాయితాలు చూసే మున్షీగారు మొన్న శుక్రవారం పొద్దుగాల పోయిన్రు. డెబ్బై దాటినయి. రెండు రోజుల జ్వరం, అంతే. దవాఖానకు తీస్కపోతనని కొడుకు రిక్షా పిలిస్తే, "ఆ జాగ ఎవరిదో ఇంకా తేలలే. తేలని జాగల నేను పండుకోను" అన్నరంట. ఇంట్లనే, సొంత మంచం మీద కండ్లు మూసుకున్నరు. ఆ మాట చెప్పుకుంట కొడుకు ఏడుస్తుండె, వినుకుంట నేను ఏడుస్తుంటి, నడుమ ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. చావింట్ల నవ్వుతున్నరేందని చూసినోళ్ళు ఏమనుకున్నరో ఏమో. అనుకోనియ్యండి. ఆయన గురించి మాట్లాడి నవ్వకుండ ఉండుడు నాతోని గాదు.

మీల ఆయనను ఎరగనోళ్ళకు జర చెప్పాలె. గన్‌ఫౌండ్రి దిక్కు పోతే మనిషి పానానికి బీమా చేసేటోళ్ళు గల్లికొకరు దొరుకుతరు. దుకాణం కౌలుకు బీమా చేసేటాయన మాత్రం, నాకు తెలిసి, ఈయన ఒక్కరే. బీమా అని పేరు పెట్టలే. "జిమ్మేదారి చిట్టీ" అంటుండె. మీరు ఆబిడ్స్‌ల ఒక దుకాణం పదేండ్లకు కౌలుకు తీస్కుంటరనుకోండి. ఇచ్చేటాయనకు అది ఇచ్చే హక్కు ఉన్నదా? ఆ రోజులల్ల ఈ మాట అడిగితే బ్రహ్మదేవుడు గూడ నెత్తి గోక్కుంటుండె. పోలీస్ యాక్షన్ అయ్యింది, జాగీర్లు పోయినయి, కొందరు మాలిక్‌లు ఊరిడిసి పోయిన్రు. భూమి ఒకరిది, దాని మీద ఇల్లు ఒకరిది, ఆ ఇంటి కౌలు ఒకరిది, తాళంచెవి ఇంకొకరి మొలతాడుకు. కాయితాలన్నీ ఉర్దూల, అవి గూడ కోడి కెలికినట్టు.

మున్షీగారు అవన్నీ చదివి, నలుగురిని అడిగి, నమ్మకం కుదిరినంకనే చిట్టీ రాస్తుండె. ఈ కౌలు సక్కగున్నది. రేపు ఎవరన్నా ఇంతకన్న పెద్ద హక్కు పట్టుకొచ్చి మిమ్ముల లేవమంటే జిమ్మేదారి నాది. కొట్లాడేది నేను. ఓడితే ఇంకో దుకాణం దొరికేదాక మిమ్ముల నా జాగల కూసోబెడత. గింతే చిట్టీ. ఆయన జాగ అంటే ఒక అర్ర, ఒక అరుగు, మూడు ట్రంకు పెట్టెలు. అయినా ఆ సంతకం చూస్తే ఆబిడ్స్ సేట్లు బేఫికర్‌గ నిద్రపోతుండె. ఇన్నేండ్లల్ల ఒక్క చిట్టీ తప్పలే అని ఆయనే అందరికీ చెప్పుకుంటుండె. అడగకున్నా చెప్తుండె.

నా సంగతి జెప్త. నేను ఆడోళ్ళ బట్టలు కుడత. మా ఆయన నాంపల్లి స్టేషన్‌ల పార్సిల్ గుమాస్తా. మంచోడు. ఎంత మంచోడంటే ఎవరు ఏమన్నా "ఔ" అంటడు. పోలీస్ యాక్షన్ అయిన రెండో ఏడు నాకు ఆబిడ్స్‌ల దుకాణం పెట్టాలెనని పుట్టింది. ఆడిది దుకాణం పెడతనంటే ఇచ్చేటోడు దొరకలే. తిరిగి తిరిగి చెప్పులరిగినంక ఒక పట్టు లాల్చీ పిల్లగాడు, పాతికేండ్లుంటయేమో, "మా ముంగటి అర్ర ఇస్త, పదేండ్లు రాస్త" అన్నడు. ఇంటి మాలిక్ తానే అన్నడు. నాకు సంబురం ఆగలే. మా ఆయన మాత్రం, పెండ్లయినంక మొదటిసారి, "ఔ" అనలే. "మున్షీగారికి చూపి తీస్కో" అన్నడు.

బుధవారం పొద్దుగాల తొమ్మిదింటికి వచ్చిన్రు. నల్ల షేర్వాణి, తెల్ల రుమాల, చంకల గొడుగు. ఆ పిల్లగాడిచ్చిన కాయితాలు మూడుసార్లు చదివిన్రు. ఇగ కలం దీస్తరనుకున్న. షేర్వాణి జేబుల నుంచి సుత్తె దీసిన్రు. ఇంకో జేబుల నుంచి జానెడు మేకు.

"ఏంది మున్షీగారు గిది?"

"తనిఖీ, బిడ్డా" అని గోడకు టంగుమని ఒకటి కొట్టిన్రు. "కాయితం ఎవడన్నా రాపిస్తడు. గోడకు దెబ్బ తగిల్తే ఎవనికి నొప్పి లేస్తదో ఆడే మాలిక్."

అప్పుడు నాకు ఆయన మతి మీదనే అనుమానమొచ్చింది. నాలుగు దెబ్బలు పడ్డయో లేదో, పక్క మిఠాయి దుకాణం సేటు గరిటె పట్టుకోని ఉరికొచ్చిండు. "నా గోడ! నా గోడ! నా జిలేబీల సున్నం పడుతున్నది!" మున్షీగారు కొట్టుడు ఆపకుండనే "పేరు చెప్పు" అన్నరు. గోడ సగం మిఠాయి సేటుది అని రాస్కున్నరు. మల్ల కొట్టిన్రు. మెట్టు మీద కూసొని చెప్పులు కుట్టే తాత లోపలికి తొంగి చూసి, "గోడతోని నాకు పని లేదు గాని, మెట్టు నాది. ఇరవై ఏండ్ల సంది గీడనే" అన్నడు. అదీ రాస్కున్నరు. తాతను లేపొద్దని నా కౌలుల ఒక షర్తు గూడ పెట్టిచ్చిన్రు. మల్ల కొట్టిన్రు. ఈసారి మా ఆయన వచ్చిండు, అన్నం డబ్బా పట్టుకోని.

"నీ హక్కేంది?" అన్నరు మున్షీగారు.

"నేను ఈమె పెనిమిటిని."

"అది ఈ గోడ మీద చెల్లదు. పక్కకు నిలవడు."

పగటి దాక కొట్టి, వచ్చినోళ్ళందరితోని మాకు అభ్యంతరం లేదని సంతకాలు తీస్కున్నరు. ఆఖరుకు పట్టు లాల్చీ పిల్లగాడిని, "పైన ఎవరుంటరు?" అని అడిగిన్రు. "మా పెద్దమ్మ. ముసలిది. ఎనక మెట్ల కెల్లి పోతది, వస్తది. ఆమెకేం తెల్వదు" అన్నడు వాడు. "ఇంతసేపు కొట్టిన. హక్కుంటే దిగొచ్చేది" అని మున్షీగారు సుత్తె జేబుల పెట్టుకున్నరు. నేను గూడ గంతే అనుకున్న. చిట్టీ చేతుల పడ్డది. నాలుగు మిషిన్లు తెచ్చి పెట్టిన. నాతోని కుట్టనీకి ముగ్గురు ఆడోళ్ళు వస్తుండె.

చిట్టీ ఇచ్చినంక మర్చిపోయే మనిషి గాదు. నెలకోసారి వచ్చి, డాక్టరు నాడి చూసినట్టు గోడ మీద చెయ్యి పెట్టి, జర సేపు కండ్లు మూసుకోని, "బాగనే ఉన్నది" అంటుండె. సక్కెర తక్కువ ఛాయ్ తాగుతుండె. ఊడిన గుండీ కుట్టించుకుంటుండె. ఎవరింటికి పోయినా కుర్చీ చూపిస్తే కూసోకపోతుండె. "మీదేనా, కిరాయికి తెచ్చిన్రా?" అని అడిగి తెలుసుకున్నంకనే కూసునుడు. మా చెల్లె పెండ్లిల అందరు పిలగాన్ని చూస్తుంటే, ఈయన పందిరి గుంజ పక్కింటోళ్ళ జాగల పడ్డదా అని చూసుకుంట తిరిగిన్రు. పడ్డది. పెండ్లి నడుమ గుంజ పీకి మూరెడు ఇవతలకు పాతినం. మా అమ్మ ఇప్పటికీ ఆయన పేరెత్తితే మూతి తిప్పుతది.

"హక్కంటే అరుగసుంటిది బిడ్డా, ఉత్తగ ఇడిసిపెడితే ఎవడో ఒకడొచ్చి కూసుంటడు" అని నాకు వందసార్లు చెప్పిన్రు. తప్పు ఒప్పుకునుడు మాత్రం ఆయన ఒంట్ల లేదు. ఒకసారి అఫ్జల్‌గంజ్‌ల బస్సెక్కి నాంపల్లికి రావాల్సినాయన చాదర్‌ఘాట్‌ల తేలిన్రు. దిగినంక కండక్టరుతోని గంట సేపు లొల్లి. తాను ఎక్కింది సరైన బస్సే, బస్సే తప్పు తొవ్వల పోయిందంట. కండక్టరు దండం పెట్టి, "ఔ సాబ్, బస్సుదే తప్పు" అన్నంకనే ఇడిసిపెట్టిన్రు.

దుకాణం పెట్టి ఏడాదిన్నర అయ్యింది. ఒకనాడు పగటిపూట ముంగట రిక్షా ఆగింది. తెల్లచీర కట్టుకున్న ముసలామె దిగింది. చెప్పుల తాత చెయ్యందిస్తే వద్దని తానే మెట్టెక్కింది. "మా పనిదాని రైక చూసిన. కుట్టు బాగున్నది. నాకో రెండు కుట్టు" అన్నది, ఊరంత వినబడేటట్టు. ఆది రైక తెచ్చుకోలే, కొలత తీయాల్సొచ్చింది. నా నోట్ల గుండుసూదులు పెట్టుకోని ఏందో అడిగిన. "ఆ సూదులు తీసి మాట్లాడు పిల్లా. నాకు చెవులు లేవు. మూతి చూస్తేనే మాట తెలుస్తది" అన్నది. అప్పటికీ నాకు ఏం తట్టలే చూడండి! నేనేమో తెలివిగల్లదాన్నని అనుకుంట.

కొలత అయినంక ఎండకు జర కూసుంటనని కూసున్నది. నెత్తి మీది దూలం దిక్కు చూసింది. చూసి చూసి లేసి నిలవడ్డది. "ఆ నల్లమచ్చ మా ఆయన లాంతరు తగిలించి తగిలించి అయిన మచ్చ. గిది మా ముంగటర్ర గాదా!"

రిక్షాయన బయట నుంచి, "ఔ అవ్వా, నీ ఇంటి ముంగటికే తెచ్చిన. ఎనక గల్లిల కెల్లి చుట్టు తిప్పి తెచ్చిన" అన్నడు.

ముసలామె నోటి మీద చెయ్యి పెట్టుకున్నది. "నా మంచం కిందికి నేనే రిక్షా ఎక్కి వచ్చిన్నా!"

అప్పుడు బయటపడ్డది సంగతంత. ఇంటి అసలు కౌలు ఆమె పెనిమిటి పేరు మీద ఉండె. ఆయన పోయినంక ఆమె పేరు మీదికి మారింది. పట్టు లాల్చీ పిల్లగాడు మరిది కొడుకు. ముంగటర్రల పాత సామాన్లు పెట్టి తాళమేసిన అని ఆమెకు చెప్పి, నాకు కౌలు రాసిండు. దుమ్మొస్తదని ఆమె రోడ్డు దిక్కు కిటికీ పదకొండేండ్ల సంది మూసే పెట్టింది. ముంగట దుకాణం ఉన్నట్టు ఆమెకెట్ల తెలుస్తది? పనిదేమో ఆమెకు తెలిసే ఉంటదనుకున్నదంట. మేకు కొట్టిన రోజు గురించి చెప్తే, "ఓహో, గదా! ఆనాడు నా మంచం అదిరింది. భూకంపమనుకోని పగటి దాక రామ రామ అనుకుంట కూసున్న" అన్నది.

నాకు నవ్వొచ్చేది, మరుక్షణం ఆమె మాట వినకుంటే. "నీ మీద నాకు కోపం లేదు పిల్లా. గాని నన్ను అడగకుండ నా ఇంట్ల ఎవరుండొద్దు. పది రోజులల్ల ఖాళీ చెయ్యి." రిక్షా ఎక్కుకుంట తిరిగి చూసి, "రైకలు మాత్రం కుట్టియ్యి" అన్నది.

పది రోజులు! ఆ అర్ర కోసం రెండేండ్లు తిరిగిన. ఆడిదానికి ఆబిడ్స్‌ల ఇంకోడు ఎవడిస్తడు? నాలుగు మిషిన్లు మల్ల మా వంటింట్లకు పోవాలె, ఆ ముగ్గురు ఆడోళ్ళు ఎవరిండ్లకు వాళ్ళు పోవాలె. దుకాణం పేరు పలకకు రంగేసి ఇంకా సరిగ్గ ఆరలే అనిపించింది. కండ్లల్ల నీళ్ళు, నోట్ల తిట్లు పెట్టుకోని చిట్టీ పట్టుకోని నాంపల్లికి నడిచే పోయిన.

మున్షీగారు అరుగు మీద కాయితాలు చూస్తున్నరు. పక్క అర్ర వకీలు సాబ్ గూడ గాడనే ఉన్నడు. చిట్టీ ఆయన ఒళ్ళ ఇసిరిన. "ఒక్కటి గూడ తప్పలే అంటిరి గద! పైన పెద్దమ్మకు చెవులు వినబడయి. మీ మేకు ఆమెకు వినబడలే!"

ఆయన మొఖం ఆనాడు చూసినట్టు నేనెన్నడు చూడలే. "వినబడలేదా?" అన్నరు. "అంత కొట్టిన గద?" అన్నరు. నా మీద గాదు, సుత్తె మీద కోపమొచ్చినట్టు జేబు తడుముకున్నరు.

వకీలు సాబ్ చిట్టీ తీస్కోని చదివిండు. ఆఖర్ల చిన్న అక్షరాలతోని ఒక వరస ఉండె. చిన్న అక్షరాలు చదివే అలవాటు నాకు లేదు. తనిఖీ నాడు ఇంట్ల ఉండి గూడ అడ్డం చెప్పనోళ్ళ సంగతి ఈ జిమ్మేదారిల రాదు అని ఉన్నదంట. "బతికిపోయినవ్ మున్షీ!" అన్నడు వకీలు సాబ్. "ఆమె ఇంట్లనే ఉన్నది, అడ్డం చెప్పలే. నీ మీద ఏం లేదు. పోయి ఛాయ్ తాగు."

 గాడనే అరుగు మీద కూసున్న. ఇగ మున్షీగారు ఆ వరసనే పట్టుకుంటరు, బస్సుదే తప్పంటరు, నా బతుకు వంటింట్లకే అనుకున్న.

మున్షీగారు చిట్టీ గుంజుకున్నరు. కలం ముంచి ఆ వరస మీద అడ్డంగ గీత గొట్టిన్రు, కాయితం చినిగేటట్టు. "గీ మాట నా భయానికి రాస్కున్న బిడ్డా. నీకు చిట్టీ ఇచ్చింది నీ భయం పోనీకి. నడువు."

"ఎక్కడికి?"

"పెద్దమ్మ కాడికి. ఆమె ఇనకుంటే ఎల్లుండి నీ మిషిన్లు ఈ అరుగు మీద ఉంటయి, నేను రోడ్డు మీద ఉంట."

తెల్లారి పొద్దుగాల పోయినం. పెద్దమ్మ పైకి రానియ్యలే. పదకొండేండ్ల సంది మూసిన ఆ కిటికీ తెరిచి, "గాడనే నిలవడి చెప్పు" అన్నది. ఎవరి గోడకు ఎవరి హక్కో చెవుల గుసగుసగ చెప్పేటాయన, ఆబిడ్స్ నడిబజార్ల, నెత్తి పైకెత్తి మాట్లాడాల్సొచ్చింది. అటు ఇటు చూసి, మెల్లగ, "అమ్మా, తప్పు నాదే" అన్నరు.

"ఏంది?"

ఇంకా జర గట్టిగ, "తప్పు నాదేనమ్మా" అన్నరు. మిఠాయి సేటు గరిటెతోని బయటికొచ్చిండు. చెప్పుల తాత సూది ఆపిండు. నాతోని కుట్టే ఆడోళ్ళు మిషిన్లు ఇడిసి వచ్చిన్రు.

"ఏంది? సక్కగ చెప్పు!"

మున్షీగారు నెత్తి మీది రుమాల తీసి చేతుల పట్టుకున్నరు. ఆ తెల్లని చిన్న తల ఎండల మెరిసింది. పానం బిగబట్టి కేకేసిన్రు. "తప్పు నాదే! మేకు కొట్టిన గాని మెట్లెక్కలే! పైన మనిషి ఉన్నదని తెల్సి గూడ అడగలే! తప్పు నాదే!" సైకిలోళ్ళు ఆగిన్రు. బస్సాయన బస్సాపి తొంగి చూసిండు. ఎవరో "ఏమైంది?" అంటే, మిఠాయి సేటు "మున్షీ తప్పంట, ఆయన నోటితోనే!" అని గల్లి గల్లికి అందిచ్చిండు. గుంపుల నుంచి ఎవరో "ఔ" అన్నరు. చూస్తే మా ఆయన.

పెద్దమ్మ కిటికీల మోచేతులు పెట్టుకున్నది. "మొదటిసారే తెలిసింది నాకు. మూతి చూస్తే చాలు. గాని ఇంట్ల ముసలిది ఉన్నదని తెల్సి గూడ అడగకుండ పోయినోడు మూడుసార్లు చెప్పాలె." అని నా దిక్కు వేలు చూపింది. "నువ్వు గూడ. ఆడిదానివై ఉండి నువ్వు గూడ మెట్లెక్కలే."

మున్షీగారిని అన్నప్పుడు నవ్వుకున్న, నన్ను అనంగనే గుండెల సూది దిగినట్టయ్యింది. ఏడాదిన్నర ఆమె మంచం కింద కూసొని మిషిన్ తొక్కిన. పైన ఎవరున్నరు, తిన్నరా, మంచిగున్నరా అని ఒక్కనాడు అడగలే. నేను గూడ చెప్పిన, తప్పేనని. నాకు ఒక్కసారితోనే సరిపెట్టింది. రాత్రికి రాత్రే కుట్టి పనిదానితోని పంపిన రైకలు కుదిరినయంట.

ఆ పగటికే కిందికి దిగొచ్చి, సొంత చేతితోని నాకు కొత్త కౌలు రాసింది. మరిది కొడుకు నెల దాక కనబడలే. నా దుకాణం నిలవడ్డది. ఇయ్యాల్టికీ గాడనే ఉన్నది, పెద్దమ్మ పైననే ఉన్నది, పొద్దుగాల నేనొక గిలాస ఛాయ్ పట్టుకోని మెట్లెక్కుత.

మున్షీగారికి మాత్రం కష్టమే అయ్యింది. "మూడుసార్ల మున్షీ" అని పేరు పడ్డది. శానా రోజులు ఎవరు చిట్టీ కోసం రాలే. ఛాయ్ హోటల్ల ఎవరన్నా ఎక్కిరిస్తే ఆయన, "ఔ, మూడుసార్లే. నాలుగోది పడకుండ చూస్కుంటున్న" అనేటోళ్ళు. చెప్పిన మాట చెప్పినట్టు చేసిన్రు. మల్ల జనం వచ్చిన్రు. మేకు కొట్టినంక మున్షీగారు సుత్తె జేబుల పెట్టుకోని, చెప్పులిడిసి, ఆ ఇంటి మెట్లన్నీ ఎక్కేటోళ్ళు. మోకాళ్ళు పట్టుకపోయినా ఎక్కేటోళ్ళు. ఎవరు తలవని ముసలోళ్ళు, ఎనక అర్రలల్ల పడి ఉన్న ఆడోళ్ళు ఎంతమంది దొరికిన్రో ఆయనకు.

నాకోసం నడిబజార్ల రుమాల తీసిన మనిషి. నా సొంత తండ్రి గూడ నాకోసం గంత చేయలే. ఈ మాట ఆయన ఉండంగ చెప్పలేకపోయిన, ఇప్పుడు మీకు చెప్తున్న.

ఆఖరిసారి చూసింది నెల కింద. ఒక బట్టల దుకాణం మీద రెండో అంతస్తుల ఉన్నామెకు రైకలియ్యనీకి పోతే, నా కన్న ముందే మెట్ల మలుపు కాడ ఆయన ఉన్నరు. ఆయాసపడుతున్నరు. ఎదురుంగ ఒక తలుపు మూసి ఉన్నది. తలుపు తట్టిన్రు. అటెనక జర పక్కకు జరిగి, పై కిటికీల కెల్లి పడే ఎండ సక్కగ మొఖం మీద పడేటట్టు నిలవడ్డరు. తలుపు తీసినోళ్ళకు చెవులు వినబడకున్నా మూతి కనబడాలెనని. ఇంకా ఎవరు తలుపు తీయకముందే, పెదిమలు బాగ కదిలిచ్చుకుంట, ఒక్కొక్క మాట మెల్లగ చెప్పి చూస్కుంటున్నరు. "అమ్మా, కింద దుకాణం కౌలుకు ఇస్తున్నరు. మీకు ఇష్టమేనా?" నేను సప్పుడు చేయకుండ కింది మెట్టు మీదనే ఆగిన. లోపల గొళ్ళెం తీసే సప్పుడైంది.